ఎక్కడికి? ఎక్కడినుంచి? ఎన్ని? (కంప్యూటరు పాఠం)



పోయిన సంచికలో బైటు అంటే ఏమిటో రాశాను. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఒక్కో బైటులో 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్య పడుతుంది. అది చదివి తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు వచ్చి, "సార్, ఆ బైట్లను ఒక తావు నుంచి ఇంకో తావుకి ఎవరు మోస్తారు?" అని అడిగినారు. అడగవలసిన ప్రశ్నే అది. ఎందుకంటే కంప్యూటరు రోజంతా చేసే పనిలో చాలా భాగం ఈ మోతే. మీరు ఫోనులో ఫోటో తెరిచినా, రైలు టికెట్టు తీసినా, లోపల బైట్లు ఒక చోటునుంచి ఇంకొక చోటికి నకలు అవుతూనే ఉంటాయి.

సి భాషలో ఈ పనికి నలుగురు కూలీలు ఉన్నారనుకోండి. మెమ్‌కాపీ, మెమ్‌మూవ్, మెమ్‌సెట్, మెమ్‌కంపేర్. (రాసేటప్పుడు పేర్లు ఇంకా పొట్టిగా రాస్తారు, పలికేటప్పుడు ఇలాగే పలుకుతారు.) సి భాషను 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారుచేశాడు. 1989లో ఆ భాషకు మొదటి అధికారిక ప్రమాణం వచ్చింది, ఈ నలుగురికీ అందులో చోటు దొరికింది. అప్పటినుంచి ఇప్పటివరకు వాళ్ళ పని మారలేదు. చిన్న ఫంక్షన్లు, నాలుగైదు వరుసల్లో మీరే రాయగలరు. కాని వాటిని పిలవడంలో చిన్న పొరపాటు చేసినందుకు లోకమంతా తలపట్టుకుని కూర్చున్న సందర్భాలు ఉన్నాయి. అది తరువాత చెబుతాను. ముందు మెమరీ అంటే ఎలా ఉంటుందో కళ్ళకు కట్టాలి కదా. దానికి ధర్మవరం పోదాం.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మగ్గం చూసినవాళ్ళు చేతులెత్తండి! చూడనివాళ్ళు ఈసారి సెలవుల్లో తప్పక చూడండి. మగ్గం పైన ఒక పెట్టె ఉంటుంది, దాన్ని జకార్డు అంటారు. 1804లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మేరీ జకార్డ్ దాన్ని రూపొందించాడు, అందుకే ఆ పేరు. ఆ పెట్టెకు అట్టల దండ ఒకటి వేలాడుతుంటుంది. ఒక్కో అట్టకు చిల్లులు. చిల్లి ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దాని కొక్కెం పడుగు పోగును పట్టుకుని పైకి లేస్తుంది. చిల్లి లేనిచోట అట్ట సూదిని వెనక్కు నెడుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు కిందే ఉండిపోతుంది. లేచిన పోగుల కిందనుంచి పేక దూరుతుంది. తరువాతి అట్ట వస్తుంది. ఇట్లా అట్ట తరువాత అట్ట తిరిగితే అంచులో హంసో, కొంగులో మామిడిపిందో తయారవుతుంది.

చిల్లి ఉంది అంటే 1, లేదు అంటే 0. అనగా అట్ట అన్నది బిట్ల వరుస. 240 కొక్కేల పెట్టెకు ఒక అట్ట అంటే 240 బిట్లు, ఎనిమిదితో భాగించండి, 30 బైట్లు. 200 అట్టల డిజైను అంటే 6,000 బైట్లు. ఆ చీర అంచు మొత్తం ఆరువేల డబ్బాల్లో పట్టింది చూడండి! ఇది నా ఊహ మాత్రమే కాదు. ఇంగ్లాండులో ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆజ్ఞలు ఇవ్వడానికి ఈ చిల్లుల అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. జకార్డ్ ముఖచిత్రాన్ని పట్టుతో నేసిన బట్ట ఒకటి బాబేజ్ దగ్గర ఉండేది. దాన్ని నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టినవట.

ఇప్పుడు మగ్గం మీద అట్టలు వాడివాడి నలిగిపోయాయి. లేదా పక్క మగ్గానికి కూడా అదే డిజైను కావాలి. ఏం చేస్తారు? కొత్త అట్టలు తీసుకుని పాతవాటి ప్రకారం చిల్లులు కొడతారు. పాతది పాతదిగానే ఉంటుంది, కొత్తదాంట్లో అదే రూపం వస్తుంది. మెమ్‌కాపీ చేసేది సరిగ్గా ఇదే. అది మనల్ని మూడే మూడు అడుగుతుంది: ఎక్కడికి, ఎక్కడినుంచి, ఎన్ని బైట్లు. ఈ వరుస గుర్తుపెట్టుకోండి, "ఎక్కడికి" ముందు వస్తుంది. 

మెమ్‌కాపీ(కొత్త, పాత, 30)

అంటే "పాత" అనే చిరునామా నుంచి 30 బైట్లు తీసి "కొత్త" అనే చిరునామా దగ్గర రాయి అని. అంతే. ఇంక ఒక్క మాట మాట్లాడదు. కొత్త అట్టలో 30కి తావు ఉందా? అడగదు. పాతదాంట్లో నిజంగా 30 ఉన్నాయా? అడగదు. ఆ చిరునామాలో ఇప్పుడు ఎవరున్నారు? అదీ అడగదు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని హంపి నుంచి మన పెనుకొండకు మారింది. ఆ సంగతి తెలియని బంట్రోతు ఒకడు రాజుగారి జాబు పట్టుకుని హంపికే పోయి, పాడుపడిన వాకిట్లో పెట్టి వచ్చాడనుకోండి. వాడి తప్పేముంది, చిరునామా అదే ఇచ్చారు మరి! మెమ్‌కాపీ అలాంటి బంట్రోతు. నేర్పరి, వేగంగలవాడు, నోరులేనివాడు.

వేగం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టులో గూళ్ళను ఒక్కొక్కటిగా చేత్తో ఎత్తిపెట్టరు కదా, బుట్టలకు బుట్టలు ఎత్తుతారు. మెమ్‌కాపీ కూడా ఒక్కో బైటు కాకుండా ఎనిమిదేసి, పదహారేసి, ఇంకా ఎక్కువ కూడా ఒకేసారి ఎత్తుతుంది. ఎనిమిదేసి ఎత్తితే మన 30 బైట్ల అట్టకు మూడు బుట్టలు, మిగిలిన ఆరు విడిగా. లోపల కిటుకులు చాలా ఉన్నాయి గాని అవి ప్రాసెసరును బట్టి మారుతాయి, ఇప్పుడు వద్దు.

అసలు చిక్కు మెమ్‌మూవ్ దగ్గర ఉంది. "మెమ్‌కాపీ ఉండగా ఇది ఎందుకు సార్?" అని తప్పకుండా అడుగుతారు. పేరు చూసి మోసపోకండి. మూవ్ అన్నారు గాని ఇది కూడా నకలు తీసేదే. తేడా ఒక్కటే. తీసే తావు, పెట్టే తావు ఒకదానిమీద ఒకటి పడినప్పుడు మెమ్‌కాపీ మీద భరోసా లేదు, మెమ్‌మూవ్ మీద ఉంది.

హాజరు పట్టీ తీసుకుందాం. పెన్సిలుతో రాసినది. వరుసగా ఏడు గళ్ళు. మొదటి ఐదింట్లో పేర్లున్నాయి, చివరి రెండు ఖాళీ.

అ | ఇ | ఉ | ఎ | ఒ | – | –

ఇద్దరు కొత్త పిల్లలు చేరినారు, వాళ్ళ పేర్లు పైన రావాలి. కాబట్టి ఈ ఐదు పేర్లను రెండు గళ్ళు కిందికి జరపాలి. అంటే 1 నుంచి 5 దాకా ఉన్నవి 3 నుంచి 7 దాకా పోవాలి. చూశారా, 3, 4, 5 గళ్ళు రెండు వైపులా ఉన్నాయి! ఒకే పట్టీ, వేరే కాగితం లేదు. గడిలో రాయాలంటే ఉన్నది చెరిపెయ్యాలి.

మొదటినుంచి మొదలుపెడదాం. 1లోని అ తీసుకుపోయి 3లో రాశాను. 3లో ఉన్న ఉ చెరిగిపోయింది. 2లోని ఇ తీసుకుపోయి 4లో రాశాను. ఎ చెరిగిపోయింది. ఇప్పుడు 3లోనిది 5లో రాయాలి. 3లో ఏముంది? ఉ లేదు, అ ఉంది! సరే, 5లో అ. 4లోనిది 6లో, అంటే ఇ. 5లోనిది 7లో, అంటే అ. చివరికి పట్టీ ఇలా తయారైంది:

అ | ఇ | అ | ఇ | అ | ఇ | అ

ఉ, ఎ, ఒ ముగ్గురూ బడిలోనే లేకుండా పోయారు. ఎవరూ టీసీ ఇవ్వలేదు, పట్టీలో మాత్రం లేరు. భోజనం లెక్క కూడా ఆ పట్టీ ప్రకారమే అయితే ఆ పూట ముగ్గురు పస్తు.

ఇప్పుడు చివరినుంచి మొదలుపెట్టండి. 5లోని ఒ ముందు 7లో. తరువాత 4లోని ఎ 6లో. 3లోని ఉ 5లో. 2లోని ఇ 4లో. 1లోని అ 3లో. 

అ | ఇ | అ | ఇ | ఉ | ఎ | ఒ

అందరూ ఉన్నారు. పై రెండు గళ్ళలో పాత అ, ఇ ఇంకా కనబడుతున్నాయి, వాటిమీద కొత్త పిల్లల పేర్లు రాసుకోవచ్చు. చేసిన పని అదే, చేసిన వరుస మారింది, ముగ్గురు పిల్లలు మిగిలారు.

మరి ఎప్పుడూ చివరినుంచే చేస్తే సరిపోదా? సరిపోదు. పైకి జరపవలసి వస్తే మొదటినుంచి చేయాలి, చివరినుంచి చేస్తే అప్పుడూ పేర్లు పోతాయి. మెమ్‌మూవ్ ముందు రెండు చిరునామాలు పోల్చి చూస్తుంది. పెట్టే తావు తీసే తావుకంటే ముందుంటే మొదటినుంచి, వెనక ఉంటే చివరినుంచి. ఈ ఒక్క చూపు మెమ్‌కాపీకి లేదు. "రెండు తావులు కలవవు అని మాట ఇచ్చినావు, ఆ మాట నమ్మి నాకు నచ్చిన వరుసలో చేస్తాను" అంటుంది అది.

ఈ మాట మీద 2010లో పెద్ద రభస జరిగింది. లైనక్స్ అనే వ్యవస్థలో మెమ్‌కాపీని రాసి ఇచ్చే గ్రంథాలయం పేరు జీలిబ్‌సి. కొన్ని ప్రాసెసర్ల మీద వేగం పెరగాలని దానిలో మెమ్‌కాపీని చివరినుంచి నకలు తీసేలా మార్చారు. మెమ్‌కాపీ ఏ వరుసలోనైనా చేయవచ్చు అని ప్రమాణంలోనే ఉంది కాబట్టి వాళ్ళు నియమం తప్పలేదు. కాని ఆ సంవత్సరం వచ్చిన ఫెడోరా 14లో ఫ్లాష్ అనే ప్రోగ్రాముతో పాటలు, వీడియోలు పెడితే శబ్దం గరగరమని పాడైపోయింది. లైనక్స్ మూలపురుషుడు లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా కూర్చుని వెతికి, ఆ ప్రోగ్రాములో ఒకదానిమీద ఒకటి పడే తావులకు మెమ్‌మూవ్ బదులు మెమ్‌కాపీ వాడుతున్నారని చూపించాడు. అన్నాళ్ళూ మొదటినుంచి నకలు తీయడం వల్ల అదృష్టం కొద్దీ నడిచిపోయింది. తప్పు ఎవరిది? నియమం ప్రకారం ఫ్లాష్ రాసినవాళ్ళది. అయితే వినేవాడికి నియమంతో పనేముంది, పాట పాడైంది అంతే అని టోర్వాల్డ్స్ వైపు వాదన. చివరికి పాత ప్రోగ్రాములు మెమ్‌కాపీ అని పిలిచినా లోపల మెమ్‌మూవ్ పలికేలా సర్దారు. నన్నడిగితే ఆ సర్దుబాటే సబబు. మీరు మాత్రం అనుమానం వచ్చినచోట మెమ్‌మూవ్ వాడండి, దాని ఖర్చు చాలా తక్కువ.

ఇంకొక్క ముచ్చట చెప్పి ముందుకు పోతాను. ఇందాక పాడైన పట్టీని మళ్ళీ చూడండి. అ ఇ అ ఇ అ ఇ అ. హాజరు పట్టీగా పనికిరాదు, కాని చీర అంచుగా ఎంత బాగుందో! రెండు బుటాలు వరుసగా తిరిగి తిరిగి వస్తున్నాయి. ఫైళ్ళను కుదించే జిప్ పద్ధతిలో దీన్ని కావాలనే వాడతారు. "రెండడుగులు వెనక్కిపోయి అక్కడినుంచి ఐదు బైట్లు నకలు తీయి" అని చిన్న ఆజ్ఞ రాసిపెడితే, విప్పేటప్పుడు మొదటినుంచి ఒక్కొక్కటి తీస్తూ పోతే అంచు దానంతట అదే సాగుతుంది. అక్కడ మెమ్‌మూవ్ వాడితేనే తప్పు!

ఇప్పుడు ముందు చెబుతానన్న కథ. ఇది "ఎన్ని" అన్న మూడో ప్రశ్నకు సంబంధించినది.

రెండు కంప్యూటర్లు రహస్యంగా మాట్లాడుకునేటప్పుడు మధ్యలో సంబంధం తెగిపోలేదని చూసుకోవడానికి ఒకటి ఒక మాట పంపుతుంది, రెండోది అదే మాట తిప్పి పంపుతుంది. గుండె కొట్టుకుంటోందా అని నాడి చూసినట్టు. "టోపీ అని నాకు తిప్పి చెప్పు, ఇందులో రెండు అక్షరాలు" అంటే ఎదుటివాడు "టోపీ" అంటాడు. మంచిదే. కాని దొంగ ఒకడు వచ్చి "టోపీ అని తిప్పి చెప్పు, ఇందులో అరవైవేల అక్షరాలు" అంటే? ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాములో ఆ అంకెను సరిచూడకుండా అట్లాగే తీసుకుపోయి మెమ్‌కాపీ చేతిలో పెట్టారు. మెమ్‌కాపీ అడగదని చెప్పాను కదా. "టోపీ" నకలు తీసింది, దాని పక్కనున్నది తీసింది, దాని పక్కనున్నదీ తీసింది. ఆఫీసులో గుమస్తాను మీ పేరు చదవమంటే రిజిస్టరులో మీ పేరుతో మొదలుపెట్టి పేజీలకు పేజీలు, అందరి మార్కులు, అందరి ఇంటి సంగతులు వరుసగా చదివి వినిపించినట్టు! పక్కన ఏముంటాయో ఎవరు చెప్పగలరు, ఎవరిదో పాస్‌వర్డు, ఎవరిదో ఉత్తరం, ఆ యంత్రపు రహస్య తాళం కూడా ఉండవచ్చు. ఒక్కసారి అడిగితే 64 కిలోబైట్ల వరకు వచ్చేది. మళ్ళీ అడిగితే మళ్ళీ వచ్చేది.

ఈ లోపం 2012 మార్చిలో విడుదలైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో చేరి, రెండేళ్ళు ఎవరికీ కనబడలేదు. గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా, ఫిన్లాండుకు చెందిన కోడెనోమికాన్ అనే సంస్థ ఇంజనీర్లు విడివిడిగా కనిపెట్టారు. 2014 ఏప్రిల్ 7న లోకానికి తెలిసింది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు, నెత్తురు కారే గుండె అన్నమాట. కెనడా దేశపు పన్నుల శాఖ నుంచి సుమారు 900 మంది గుర్తింపు సంఖ్యలు దొంగ చేతికి పోయినాయి. దిద్దుబాటు ఏమిటో తెలుసా? చెప్పిన అంకె, నిజంగా వచ్చిన మాట పొడవుకంటే ఎక్కువైతే జవాబు ఇవ్వకుండా ఊరుకో. కొన్ని వరుసలు అంతే.

బ్యాంకు ఫారమో, స్కాలర్‌షిప్పు ఫారమో నింపేటప్పుడు మన పేరు, మన అమ్మానాన్నల పేర్లు, తాండా పేరు అన్నీ ఎక్కడో ఒక మెమరీలో పక్కపక్కనే కూర్చుంటాయి. ఎవరో రాసిన మెమ్‌కాపీ వాటి మీదుగా పోతూనే ఉంటుంది. అందుకే ఈ కథ ఇంత పొడుగు చెప్పాను.

మిగిలిన ఇద్దరి గురించి తొందరగా. మెమ్‌సెట్ అంటే ఒకే బైటుతో తావంతా నింపడం. ఎక్కడ, దేనితో, ఎన్ని. ఎక్కువగా సున్నాతో నింపుతారు, పలక తుడిచినట్టు. కొత్తగా తీసుకున్న మెమరీ శుభ్రంగా ఉంటుందని అనుకోకూడదు, మన ముందు వాడినవాళ్ళ రాతలు అందులో ఉండవచ్చు. ఇందులో రెండు గుంతలు. ఒకటి, "సున్నాతో, 30" అనవలసినచోట "30తో, సున్నా" అని తారుమారు చేస్తే అది సున్నా బైట్లు నింపుతుంది, అనగా ఏమీ చేయదు, తప్పు అని కూడా చెప్పదు. రెండోది ఇంకా తమాషా. వాడిన పాస్‌వర్డును తుడిచేద్దామని చివర్లో మెమ్‌సెట్ రాస్తాం. మన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరు చూసి "తుడిచాక దీన్ని ఎవరూ చదవడం లేదు కదా, తుడవడం దండగ" అని ఆ వరుసనే తీసిపారేయవచ్చు! పలక తుడవకుండానే మూలన పెట్టినట్టు. దీనికి విరుగుడుగా 2024లో అచ్చయిన సి ప్రమాణంలో మెమ్‌సెట్ ఎక్స్‌ప్లిసిట్ అని వేరే ఫంక్షనే చేర్చారు. దాన్ని తీసిపారేయకూడదు.

మెమ్‌కంపేర్ రెండు తావులను పోలుస్తుంది. రెండు అట్టలు ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకుంటే ఏ చిల్లి మూసుకుందో కనబడుతుంది, అట్లాగే. అన్నీ ఒకటే అయితే సున్నా ఇస్తుంది. తేడా వస్తే, మొదటి తేడా దగ్గర ఏది పెద్దదో దాన్నిబట్టి ధన సంఖ్యో ఋణ సంఖ్యో ఇస్తుంది. తేడా కనబడగానే ఆగిపోవచ్చు, అది తెలివే. కాని పాస్‌వర్డు పోల్చడానికి దీన్ని వాడకూడదు. ఎందుకంటారా? నాలుగు అంకెల తాళానికి 10,000 రకాలు ఉన్నాయి. కాపలావాడు మొదటి అంకె తప్పయితే వెంటనే "కాదు" అని, మొదటిది ఒప్పై రెండోది తప్పయితే ఇంకొక్క క్షణం ఆగి "కాదు" అన్నాడనుకోండి. ఆ క్షణాన్ని లెక్కపెట్టుకునే దొంగకు ఒక్కో అంకెకు పది ప్రయత్నాలు, మొత్తం 40 చాలు. అందుకని రహస్యాలను పోల్చేచోట తప్పు ముందే తెలిసినా చివరి బైటు దాకా చూసి అప్పుడే నోరు విప్పే ఫంక్షన్లు వేరుగా రాస్తారు.

ఇక మీ పని. రెండు లెక్కలు ఇస్తున్నాను, కంప్యూటరు అక్కరలేదు, పెన్సిలు, చెరిపే రబ్బరు ఉంటే చాలు.

మొదటిది. ఎనిమిది గళ్ళు: క | చ | ట | త | ప | య | ర | ల. మూడో గడి నుంచి ఐదు అక్షరాలను ఒకటో గడికి నకలు తీయాలి. మొదటినుంచి చేస్తే ఏమొస్తుంది, చివరినుంచి చేస్తే ఏమొస్తుంది, రెండూ రాసి ఏది సరైనదో చెప్పండి.

రెండోది పదో తరగతి వాళ్ళకు. ఒక పెద్ద సంఖ్య కోసం నాలుగు బైట్లు కేటాయించి, అందులో 1 పెడదామని మెమ్‌సెట్‌తో నాలుగు బైట్లనూ 1తో నింపాను. తరువాత ఆ సంఖ్యను చదివితే 1 రాలేదు, 1,68,43,009 వచ్చింది. ఎందుకు? (256ను 256తో గుణించి చూడండి, దారి దొరుకుతుంది.)

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి, గోడపత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో శనివారం లోపల వేయండి. గళ్ళు గీసి, చెరిపిన గుర్తులు కూడా కనబడేలా రాసినవాళ్ళ కాగితాలు వచ్చే సంచికలో ఇక్కడే అంటిస్తాము.